చేమంతి సాగు: ఎరువు కంటే చీకటి ముఖ్యం (అపోహలు – వాస్తవాలు)

అపోహ: చేమంతి పూయలేదంటే ఎరువు చాలలేదని అర్థం.

వాస్తవం: పూయడం లేదని నాకు చూపించిన మొక్కల్లో ఎక్కువ భాగం నీరసించినవి కావు, ముదురాకుపచ్చగా, ఏపుగా ఎదిగినవే. చేమంతి హ్రస్వ దీప్తికాల మొక్క కనుక, పగటి నిడివి తగ్గి, రాత్రి చీకటి మధ్యలో తెగకుండా సుదీర్ఘంగా సాగినప్పుడే చాలా రకాలు మొగ్గ తొడుగుతాయి. ఆ చీకటిని లెక్కగట్టేది కొమ్మ చివర కాదు, ఆకు. సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ చైలఖ్యాన్ 1930లలో చేమంతిపైనే ప్రయోగాలు చేసి, ఆకులకు చిన్న పగళ్లు అందితే మొక్క పూస్తుందనీ, కొనకు మాత్రమే అందితే పూయదనీ చూపించారు. అందువల్ల రాత్రంతా వరండా దీపం వెలుగు పడే చోట కుండీ పెట్టి, పూత కోసం మరింత నత్రజని వేస్తే ఆకులే పెరుగుతాయి. ముందు కుండీని చీకటిలోకి జరపండి. పూలను ఆలస్యంగా కోయదలచిన సాగుదారులు అర్ధరాత్రి దీపాలు వెలిగించడంలోనూ, త్వరగా కోయదలచినవారు సాయంత్రమే నల్లని గుడ్డ కప్పడంలోనూ ఉన్న కిటుకు ఇదే.

అపోహ: కొన తుంచితే మొక్క దెబ్బతింటుంది.

వాస్తవం: లేత మొక్క జానెడు ఎత్తుకు రాకముందే చివర తుంచితే పక్కకొమ్మలు వచ్చి గుబురుగా తయారవుతుంది. అయితే మొగ్గలు ఏర్పడే కాలం దగ్గరపడ్డాక తుంచితే ఆ విడత పూత పోయినట్లే. పెద్ద పువ్వు కావాలంటే కొమ్మకు ఒక్క మొగ్గ ఉంచి మిగిలినవి తీసేయాలి. మొగ్గలు తీసేయడానికి చేతులు రావు గానీ ఫలితం ఉంటుంది.

అపోహ: పూత అయిపోతే మొక్కను పీకేయాలి.

వాస్తవం: చేమంతి బహువార్షికం. కాండాన్ని నేలకు దగ్గరగా కత్తిరిస్తే మొదలు దగ్గర నుంచి పిలకలు లేస్తాయి. పాత దుబ్బు నానాటికీ బలహీనపడుతుంది కాబట్టి, ఏటా పిలకలను వేరుచేసి నాటుకోవడం మేలు.

అపోహ: చేమంతి ఉంటే పురుగులు రావు.

వాస్తవం: పైరెత్రం అనే కీటకనాశిని లభించేది ఇదే కుటుంబంలోని మరో మొక్క నుంచి. తోట చేమంతి లేత చివుళ్లకు పేనుబంక తరచూ పడుతుంది.

అపోహ: మనం చూసేది ఒక పువ్వు.

వాస్తవం: అది వందలాది చిరుపువ్వుల గుంపు. రేకలనుకునేవి కిరణ పుష్పకాలు, నడుమ పసుపు దిమ్మెలో ఉండేవి బింబ పుష్పకాలు. ముద్ద రకాల్లో ఈ తేడా మరుగున పడుతుంది. ఒంటి వరుస రకంలోనైతే బింబం అంచు నుంచి లోపలికి వరుసవరుసగా విచ్చుకోవడాన్ని రోజుల తరబడి గమనించవచ్చు.