కుంకుమ వెలిసిపోయింది

మా పిన్ని కూతురు చిత్తూరులో కాలేజీ లెక్చరర్. ఓ రోజు పొద్దున బొట్టు పెట్టుకుంటూ, "కుంకుమ మార్చినావా అమ్మా?" అని అడిగింది. కుడికంటికి ఎర్రగానే ఉంది, ఎడమకంటికి మాత్రం వెలిసిన ఇటుకపొడిలా ఉంది. కన్ను తిప్పితే లోపల నొప్పి. కొన్ని వారాలకు చూపు చాలావరకు తిరిగొచ్చింది. ఎంఆర్ఐలో మెదడులో ఒక్కటే మచ్చ. "మల్టిపుల్ స్క్లెరోసిస్ కావచ్చు, ఇప్పుడే చెప్పలేం" అన్నారు న్యూరాలజిస్టు. ఒంట్లోని రోగనిరోధక కణాలే నరాల తొడుగును దెబ్బతీసే జబ్బది, పొట్టిగా ఎంఎస్. ఆ "కావచ్చు"తో ఏడాది గడిచింది.

డాక్టరు నానుస్తున్నాడని పిన్నికి కోపం. నాకూ ఉండేది. కానీ ఈ జబ్బు నిర్వచనంలోనే గడియారం ఉంది. 1868లో పారిస్‌లో షార్కో అనే నరాల వైద్యుడు దీన్ని విడి జబ్బుగా వర్ణించాడు. దీన్ని నిర్ధారించడానికి ఇప్పుడు వాడే మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు 2001లో వచ్చాయి, తర్వాత కొన్నిసార్లు సవరించారు. అవి మొదటినుంచీ ముఖ్యంగా రెండు సంగతులు అడుగుతూ వచ్చాయి: నాడీవ్యవస్థలో ఒకటికి మించిన చోట్ల దెబ్బ తగిలిందా, వేర్వేరు కాలాల్లో తగిలిందా? ఒక్క మచ్చ చూసి పేరు పెడితే తప్పు మందు పడొచ్చు. బి12 లోపం, క్షయ కూడా దీనిలా కనిపించగలవు. కంటి నరాన్నీ వెన్నుపామునూ దెబ్బతీసే ఎన్ఎంఓ అనే జబ్బు దీనికి దగ్గరి చుట్టం. ఎంఎస్‌కిచ్చే కొన్ని మందులు దాన్ని ముదరబెడతాయి. అందుకే ఎన్ఎంఓను పట్టించే ఆక్వాపోరిన్ యాంటీబాడీ కోసం రక్తంలో వెతుకుతారు.

ఈ మధ్యలో చెల్లెలు మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్లెక్కింది. గాలిగోపురం చేరేసరికి ఎడమకన్ను మళ్లీ మసకేసింది. నీడలో కూర్చుని మజ్జిగ తాగి, అరగంట ఆగితే తేటపడింది. వెంట వచ్చిన ఓ బంధువు "నాటకాలు" అని గొణిగింది. నాటకం కాదు. 1890లోనే ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు శ్రమపడితే చూపు తగ్గే రోగుల గురించి రాశాడు. అసలు దోషి ఒంట్లో వేడి అని తర్వాత తేలింది.

మన నరాల్లో సంకేతం ఎక్స్‌ప్రెస్ రైలు లాంటిది. నరం చుట్టూ మైలిన్ అనే తొడుగు ఉన్నంత మేరా చిన్న స్టేషన్లు వదిలేసి పాకాల లాంటి జంక్షన్లలోనే ఆగుతుంది. రోగనిరోధక కణాలు ఆ తొడుగును కొరికేసిన చోట ప్యాసింజర్ అయిపోయి ఈడుస్తుంది. ఒళ్లు వేడెక్కితే సంకేతాన్ని ముందుకు తోసే సోడియం ద్వారాలు నరంలో తొందరగా మూసుకుంటాయి, సంకేతానికి ఆ పాడైన ముక్కను దాటే సత్తువ చాలదు. కొందరికి అర డిగ్రీ పెరిగినా చాలు. చల్లబడితే మళ్లీ దాటుతుంది. కొత్త దెబ్బేమీ తగల్లేదన్నమాట. కొత్త దాడి అని లెక్కవేయాలంటే లక్షణం కనీసం 24 గంటలు నిలవాలి, జ్వరమూ వేడీ కారణం కాకూడదు.

ఈ ఒక్క లెక్క తెలిశాక ఇంట్లో సగం భయం దిగింది. తిమ్మిరెక్కినప్పుడల్లా గూగుల్ తెరవడం మాని, చెల్లెలు ఓ నోటుబుక్కు పెట్టింది: తేదీ, ఏ అవయవం, ఎంతసేపు. ఎంఆర్ఐ సీడీలు కూడా ఒక్క సంచిలోనే. డాక్టరుకు "అప్పుడప్పుడూ ఏదోలా ఉంటుంది" అన్న మాటకన్నా ఆ పేజీలు పదిరెట్లు పనికొస్తాయి.

నిరీక్షణలో కొంత జబ్బుది, కొంత మాత్రం మాదే. వెన్నునీరు పరీక్షకు పిన్ని నెలల తరబడి ఒప్పుకోలేదు. "వెన్నులో సూది దిగితే కాళ్లు పడిపోతాయంట కదరా?" వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది, సూది దానికి కిందుగా గుచ్చుతారు. కొందరికి కొన్నాళ్లు తలనొప్పి రావచ్చు. ఆ నీటిలో ఆలిగోక్లోనల్ బ్యాండ్లు, అంటే పరీక్షలో గీతల్లా కనిపించే యాంటీబాడీలు దొరికితే, 2017 సవరణ ప్రకారం అవి రెండో దాడికి బదులు కాలం సాక్ష్యంగా చెల్లుతాయి. 2024 సవరణలో కంటి నరాన్ని కూడా చోట్ల లెక్కలో చేర్చారు. మా పిల్లకు పనికొచ్చే మార్పు అదే.

పోయిన వారం ఒప్పుకుంది పిన్ని. రిపోర్టు ఇంకా రాలేదు. నిన్న నోటుబుక్కు తిప్పితే చివరి గీత ఇలా ఉంది: "మధ్యాహ్నం. ఎడమకన్ను మసక. 20 నిమిషాలు. కరెంటు లేదు."