87 నొక్కాలా, 93 నొక్కాలా

చిరంజీవులకు ఆశీస్సులు.

అమెరికాలో కొత్తగా బండి తోలడం మొదలుపెట్టిన పిల్లలందరికీ కలిపి రాస్తున్న ఉత్తరం ఇది. మీలో చాలామంది కొన్నవీ కొనబోయేవీ టర్బో బళ్ళే, అంటే ఇంజనులోకి గాలిని నొక్కి పంపే పరికరం ఉన్నవి. అది హోండా సీఆర్-వీ కావచ్చు, మాజ్డా సీఎక్స్-5 కావచ్చు, ఎవరో లీజు వదిలేసిన బెంజి కావచ్చు. పంపు ముందు నిలబడితే మూడు పసుపుపచ్చ చీటీలు కనిపిస్తాయి: 87, 89, 93. టర్బో కదా అని కళ్ళు మూసుకుని 93 నొక్కేవాళ్ళున్నారు. పెట్రోలు ఏదైతేనేం అని ప్రతి బండికీ 87 కొట్టేవాళ్ళూ ఉన్నారు. మొదటివాళ్ళకి జేబుకు చిల్లు, రెండోవాళ్ళలో కొందరికి ఇంజనుకే చిల్లు.

ముందు ఆ అంకె సంగతి. అది ఆక్టేన్ నంబరు. 93లో ఎక్కువ పవర్ ఉంటుందనుకుంటారు గానీ, గాలన్ 93 కాలితే వచ్చే వేడీ గాలన్ 87 కాలితే వచ్చే వేడీ దాదాపు ఒకటే. ఆ అంకె చెప్పేది ఒకే ఒక్క గుణాన్ని: నొక్కి వేడెక్కిస్తే, తనంతట తాను అంటుకోకుండా పెట్రోలు ఎంతవరకు ఓర్చుకుంటుందని. 1920లలో ఈ కొలత పెట్టినప్పుడు రెండు ద్రవాలను గుర్తురాళ్ళుగా తీసుకున్నారు. బాగా ఓర్చుకునే ఐసో-ఆక్టేన్‌కి 100, అసలు ఓర్చుకోలేని హెప్టేన్‌కి సున్నా. 87 పాళ్ళ ఐసో-ఆక్టేన్‌లో 13 పాళ్ళ హెప్టేన్ కలిపితే ఎలా ప్రవర్తిస్తుందో, అలా ప్రవర్తించే పెట్రోలుకి 87 అని పేరు. దీన్ని తేల్చడానికి ల్యాబుల్లో ఒంటి సిలిండరు ఇంజను ఒకటి ఉంటుంది. అది తిరుగుతుండగానే కంప్రెషన్, అంటే పిస్టను నొక్కే నొక్కుడు, పెంచుతూ తగ్గిస్తూ ఎక్కడ నాకింగ్ మొదలవుతుందో చూస్తారు.

నాకింగ్ అంటే ఏమిటో దగ్గరగా చూడండి. స్పార్క్ ప్లగ్గు మెరవగానే దాని దగ్గర మంట పుట్టి సిలిండరంతా పాకుతుంది. పేలడం కాదది, పాకడం. మంట ఇంకా చేరని మూలల్లో కాస్త గాలీ పెట్రోలూ మిగిలి ఉంటాయి. వెనకనుంచి తోసుకొచ్చే మంట వాటిని ఇంకా నొక్కుతుంది, ఇంకా వేడెక్కిస్తుంది. పెట్రోలుకి ఓర్పు చాలకపోతే ఆ మూల మిశ్రమం మంట వచ్చేదాకా ఆగదు, ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ దెబ్బకి సిలిండరు గోడలు గణగణలాడతాయి. రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు వినిపించేది అదే. ఒకటి రెండుసార్లయితే ఏమీ కాదు. గట్టిగా, అదేపనిగా సాగితే పిస్టను రింగుల మధ్య గట్లు విరుగుతాయి, ప్లగ్గు పింగాణీ పగులుతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

ఇందులోకి టర్బో ఎలా వచ్చింది? సైకిలుకి గాలి కొట్టినప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. గాలిని నొక్కితే వేడెక్కడం దాని స్వభావం. టర్బో చేసేది ఆ పనే, కాకపోతే నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతూ చేస్తుంది. 30 డిగ్రీల గాలిని రెండింతల ఒత్తిడికి నొక్కితే అది బయటికొచ్చేసరికి 120 డిగ్రీలు ఉంటుంది. ఇంటర్‌కూలర్ ఆ వేడిలో చాలావరకు లాగేస్తుంది గానీ మొత్తం కాదు. అలా ముందే నొక్కి ముందే వెచ్చబడిన గాలిని సిలిండరులో పిస్టను మళ్ళీ పదింతలు నొక్కుతుంది. అందుకే టర్బో ఇంజను మామూలుదానికన్నా నాకింగ్‌కి దగ్గరగా బతుకుతుంది.

అయితే టర్బో బళ్ళన్నిటికీ 93 కావాలా అంటే అదీ కాదు. ఇప్పటి ఇంజన్లు పెట్రోలును నేరుగా సిలిండరులోకే చిమ్ముతాయి. చిమ్మిన తుంపర ఆవిరవుతూ లోపలి వేడిని తాగేస్తుంది, తడిగుడ్డ కట్టిన కుండలో నీళ్ళు చల్లబడినట్టు. దీనికి తోడు, ఇంజను పక్కన నాక్ సెన్సర్ ఒకటి బోల్టు వేసి ఉంటుంది. నాకింగ్ మోతను ఇది పట్టగానే కంప్యూటరు స్పార్కును కాస్త ఆలస్యం చేస్తుంది, అవసరమైతే బూస్టు, అంటే టర్బో పెంచే గాలి ఒత్తిడి, కూడా తగ్గిస్తుంది. మోత ఆగాక మెల్లమెల్లగా మళ్ళీ ముందుకు జరుపుతుంది. ఈ సర్దుబాటుకి ఎంత జాగా ఉంచాలన్నది ఇంజను తయారుచేసినవాళ్ళు ముందే నిర్ణయించుకుంటారు. మీ బండికి ఏ పెట్రోలన్నది ఆ నిర్ణయాన్ని బట్టే, టర్బో అన్న మాటను బట్టి కాదు.

ఆ నిర్ణయాన్ని వాళ్ళు పెట్రోలు మూత తలుపు లోపలే రాసిపెడతారు. మాన్యువల్లోనూ ఉంటుంది. ఫ్యూయల్‌ఎకానమీ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో మోడలు, సంవత్సరం కొట్టినా చూపిస్తుంది. చూడాల్సింది ఒక్క మాట. ‘రెగ్యులర్’ అనో, 87 అనో ఉంటే 87 కొట్టండి, 93కి పెట్టే డబ్బు దండగ. హోండా సీఆర్-వీలోని 1.5 లీటర్ల టర్బో ఈ కోవదే. ‘ప్రీమియం ఓన్లీ’ అనో ‘రిక్వైర్డ్’ అనో ఉంటే బేరం లేదు, కనీసం 91 పడాలి. బెంజి టర్బోలు చాలావరకు ఇవే. పొదుపు చెయ్యాలనుకుంటే ఆ బండి కొనకముందే చెయ్యాలి.

తికమకంతా మూడో మాటతోనే. ‘రికమెండెడ్’ అంటే 87తో ఇంజను చెడదు, కాకపోతే చెప్పిన పవర్ మొత్తం రాదు. దీనికి మాజ్డాని మించిన ఉదాహరణ లేదు, ఎందుకంటే వాళ్ళు రెండు అంకెలూ దాచకుండా చెప్పారు. 2019 మోడలు సీఎక్స్-5కి 2.5 లీటర్ల టర్బో పెట్టినప్పుడు 93తో 250 హార్స్‌పవర్, 87తో 227 అన్నారు. ఆ 23 గుర్రాల తేడా కనిపించేది ఇంజను నిమిషానికి 5,000 చుట్ల దగ్గర అరుస్తున్నప్పుడు. ఆఫీసుకీ కాలేజీకీ వెళ్ళొచ్చే బండి ఆ చుట్లకి రోజుకెన్నిసార్లు వెళుతుంది? నన్నడిగితే మాజ్డాకి రోజువారీ 87 చాలు. ఫోర్డ్ ఎకోబూస్ట్ ట్రక్కులకీ 87 సరిపోతుంది, వెనక ట్రెయిలరు కట్టి లాగేటప్పుడు మాత్రం ప్రీమియం కొట్టమని వాళ్ళే చెబుతారు. బరువు లాగుతూ ఎండాకాలం ఎక్కుడు ఎక్కుతుంటే ఇంజను బూస్టులోనే ఉండిపోతుంది, సెన్సరుకి ఊపిరాడదు.

మైలేజీ పెరుగుతుంది కదా అంటారు. ఏఏఏ అనే అమెరికా వాహనదారుల సంస్థ 2017లో ఇలాంటి ‘రికమెండెడ్’ బళ్ళను పరీక్షించింది. ప్రీమియంతో మైలేజీ సగటున 2.7 శాతం పెరిగింది. దాన్ని లెక్కలో పెడదాం. ఏడాదికి 12,000 మైళ్ళు, గాలన్‌కు 25 మైళ్ళు అనుకుంటే 480 గాలన్లు. రెండు పెట్రోళ్ళకీ గాలన్‌కు 80 సెంట్లు తేడా ఉందనుకోండి, ఏడాదికి అదనంగా 384 డాలర్లు. మిగిలే పెట్రోలు 13 గాలన్లు, మహా అయితే 50 డాలర్లు. పికప్ కోసం కొట్టుకుంటారా, మీ ఇష్టం, అదో సరదా. పొదుపు కోసం అని మాత్రం అనకండి.

రాష్ట్రాన్ని బట్టి చీటీలు మారతాయి, ఇది చాలామంది గమనించరు. డాలస్‌లో పై అంకె 93. కాలిఫోర్నియాలో బే ఏరియాకి వెళితే సాధారణంగా 91 దగ్గరే ఆగిపోతుంది, మాజ్డా చెప్పిన 250 అక్కడ కాగితం మీదే. 91 కావాలి, ఉన్నవి 87, 93 మాత్రమే అయితే కలుపుకోవచ్చు. ఖాళీ ట్యాంకులో 8 గాలన్లు 93, 4 గాలన్లు 87 పోస్తే సరిగ్గా 91. చాలాచోట్ల మధ్య బటన్ 89 కూడా పంపులోనే అలా కలిపి వచ్చేదే.

కొలరాడో పోతే ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. డెన్వర్‌లో, రాకీ కొండల్లో అన్నిటికన్నా చవక బటన్ 85, దాన్నే అక్కడ రెగ్యులర్ అంటారు. కొండమీద గాలి పలచన. కార్బురేటరు రోజుల్లో ఆ గాలి పీల్చే మామూలు ఇంజనులో ఒత్తిడే తక్కువ కాబట్టి 85తో నడిచిపోయేది. టర్బో పలచటి గాలిని కూడా తన లెక్క ప్రకారం నొక్కేసి లోటు పూడ్చేస్తుంది. అంటే కొండ మీద ఉన్నానన్న సంగతి సిలిండరుకి తెలియదు. మాన్యువల్లో కనీసం 87 అని ఉంటే అక్కడా 87 కొట్టాల్సిందే. డెన్వర్‌లో అది మధ్య బటన్.

ప్రీమియం తప్పనిసరైన బండికి పొరపాటున 87 కొట్టేశారా? ట్యాంకు దించి పారబోయక్కర్లేదు. యాక్సిలరేటరు తేలిగ్గా తొక్కండి, బరువులు లాగకండి, పావు ట్యాంకు తగ్గగానే దొరికినంత ఎక్కువ అంకెది నింపండి. గులకరాళ్ళ మోత వినిపిస్తే కాలు తియ్యండి, అంతే. షాపులో దొరికే ఆక్టేన్ బూస్టర్ సీసా జోలికి పోకండి. ‘30 పాయింట్లు పెంచుతుంది’ అని రాసి ఉంటుంది. వాళ్ళ లెక్కలో ఒక పాయింటు అంటే ఆక్టేన్‌లో పదో వంతు. ముప్పై పాయింట్లంటే మూడు. ఆ సీసా డబ్బుతో 93 కొట్టించుకోవచ్చు.

ఆక్టేన్‌తో నయం కాని జబ్బు ఒకటుంది, టర్బో బండి ఉన్నవాళ్ళు ఇది తప్పక తెలుసుకోవాలి. ఇంజను 1,500, 2,000 చుట్ల దగ్గర మెల్లగా తిరుగుతుండగా పై గేరులోనే ఉంచి యాక్సిలరేటరు అదిమేస్తే, ఒక్కోసారి స్పార్కు పడకముందే మిశ్రమం అంటుకుంటుంది. రింగుల దగ్గర చేరిన ఇంజనాయిలు తుంపరలు దీనికి నిప్పురవ్వల్లాంటివి. స్పార్కే పడలేదు కాబట్టి దాన్ని ఆలస్యం చేసి సెన్సరు చెయ్యగలిగింది ఏమీ లేదు. లోపల సమ్మెట దెబ్బ లాంటి ఒక్క మోత, ఒక్కోసారి దాంతోనే పిస్టను విరుగుతుంది. దీనికి మందు ఆయిలు డబ్బా మీద ఉంది: ‘ఏపీఐ ఎస్‌పీ’ అనో, అంతకన్నా కొత్త గుర్తో ఉన్నదే పోయించండి. పాత రకాల్లో కాల్షియం ఎక్కువగా ఉండేది, అదే ఈ రోగాన్ని పెంచింది. చేతి గేరు బండయితే ఎక్కుడులో గేరు దించి తొక్కండి.

శుభ్రత సంగతికొస్తే, ప్రీమియం కొడితే ఇంజను కడిగినట్టు ఉంటుందన్నది ప్రకటనల మాట. చూడాల్సింది ‘టాప్ టియర్’ గుర్తు. 2004లో బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టయోటా కలిసి పెట్టిన ప్రమాణం అది. ఆ గుర్తున్న స్టేషన్‌లో 87లోనూ కావలసినంత డిటర్జెంటు కలుపుతారు. కాస్ట్‌కోకి ఆ గుర్తుంది. అయితే నేరుగా సిలిండరులోకి చిమ్మే ఇంజనులో గాలి వాల్వుల మీద పెట్రోలు పడదు కాబట్టి, అక్కడ పేరుకునే మసిని ఏ పెట్రోలూ కడగలేదు.

సెలవులకి ఊరొచ్చినప్పుడు ఇంకో తిరకాసు. మన బంకుల్లో ‘ఎక్స్‌పీ95’, ‘పవర్95’ అని చూసి అమెరికా 93ని మించిందనుకోకండి. ఇక్కడి అంకె ఆర్‌ఓఎన్ అనే ఒక్క పరీక్షది. అమెరికాలో దాన్నీ, ఇంకా కఠినమైన ఎంఓఎన్ అనే మరో పరీక్షనీ కలిపి సగం చేస్తారు, పసుపు చీటీ మీద ‘ఆర్ ప్లస్ ఎమ్ బై 2’ అని ఉండేది అందుకే. ఇక్కడి 91 అక్కడి 87కి దగ్గర. అక్కడి 93 ఇక్కడి లెక్కలో 97, 98 అవుతుంది. పైగా ఇప్పుడు మన బంకుల్లో మామూలు పెట్రోలులోనే 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌కి ఓర్పు మెండు కాబట్టి ఆ పెట్రోలు ఆక్టేన్ 95 దాకా చేరిందని పెట్రోలియం శాఖ చెబుతోంది. అదే ఇథనాల్‌లో లీటరుకి వేడి మూడో వంతు తక్కువ, మైలేజీ కాస్త తగ్గేది అందుకే. అంటే ఒకే పెట్రోలులో ఆక్టేన్ పెరిగింది, సత్తువ తగ్గింది. నాన్నగారి టర్బో బండికి ఏది కొట్టించాలో చూడాలంటే ఇక్కడా అదే పని: బంకు కుర్రాడు ‘పవర్ కొట్టమంటారా సార్’ అని అడిగేలోపు దిగి, మూత తలుపు లోపల చూడండి.

ఇట్లు,
మీ పెదనాన్న