మాట్లాడండి అంటే రాసుకొచ్చారు

పోయిన వేసవిలో మా అక్క కూతురి తెలుగు నోట్సు తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. నాలుగో తరగతి. పాఠం చివర వినడం, మాట్లాడడం అని ఒక శీర్షిక, దాని కింద మూడు ప్రశ్నలు. మీరు చూసిన సంత గురించి మాట్లాడండి, అనేది అందులో ఒకటి. దానికి మా పిల్ల గుండ్రటి అక్షరాలతో ఏడు వాక్యాల జవాబు రాసింది. కింద ఎర్ర సిరాతో టిక్కు, తేదీ. గైడులో ఉన్న జవాబును టీచర్ బోర్డు మీద రాస్తే క్లాసంతా ఎక్కించుకున్నారట. ఆ జవాబులో సంత మంగళవారం జరుగుతుంది. మా ఊరి సంత శుక్రవారం.

"క్లాసులో సంత గురించి నువ్వేమైనా చెప్పావా?" అని అడిగాను.

"లేదు మామయ్యా, అది రాసే క్వశ్చన్" అంది.

టీచర్ని తప్పుపట్టడం సులువే. కానీ నలభై మంది పిల్లలు తలా రెండు నిమిషాలు మాట్లాడితే రెండు పీరియడ్లు అక్కడే అయిపోతాయి. పైఅధికారి తనిఖీకి వస్తే చూసేది నోట్సునే. మాట్లాడిన మాట నోట్సులో కనిపించదు కదా. ఈ చిక్కు ఆ బడిది మాత్రమే కాదు, ఇప్పుడు పుట్టిందీ కాదు. దీనికి కనీసం రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తన ఇలాకాలో ఎన్ని బడులున్నాయో లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. 1826 నాటికి లెక్క తేలింది: 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. ఆ నివేదికల్లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపినదాన్ని తెలుగువాళ్లు తప్పక చదవాలి. అప్పటి బళ్లారి జిల్లాలో తెలుగు, కన్నడ బడులు రెండూ ఉండేవి. మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు అని రాశాడు. అంకెల కంటే బడి లోపల ఆయన చూసిన సంగతులు బాగుంటాయి. పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా చుడతారు, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతారు.

అక్షరాలు దిద్దడం ఇసుకలో. పుస్తకం అంటే పంతులుగారి దగ్గర ఉండే తాటాకుల కట్ట. కాబట్టి చదువు చాలావరకు నోటితోనే సాగేది. పెద్ద పిల్లలు చెబుతుంటే చిన్నవాళ్లు గొంతు కలిపేవాళ్లు. పిల్లలే పిల్లలకు చెప్పే ఈ ఏర్పాటును మద్రాసులో చూసిన ఆండ్రూ బెల్ అనే పాదిరి దాన్ని ఇంగ్లండ్‌కు తీసుకెళ్లాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరే వచ్చింది.

ఇదంతా వింటే వీధిబడిలో వినడం, మాట్లాడడం వెల్లివిరిశాయని అనిపిస్తుంది. క్యాంప్‌బెల్‌కు అలా అనిపించలేదు. తెలుగు వ్యాకరణం రాసినవాడు కాబట్టి ఆయనకు తేడా తెలిసింది. పిల్లలు నేర్చే పద్యాల భాషకూ వాళ్లు ఇంట్లో మాట్లాడే భాషకూ పొంతన లేదనీ, వందల పద్యాలు గడగడా చెప్పే కుర్రాడికి వాటి అర్థం చిలకకు తెలిసినంతే తెలుసనీ రాశాడు. పరాయి అధికారి రాసిన మాట కాబట్టి కాస్త అనుమానంగానే చూడొచ్చు. కానీ మన భాషలోనే దీనికి సాక్ష్యం ఉంది. పాఠం అప్పజెప్పడం అంటాం. ఎవరి సొత్తు వాళ్లకు చేర్చేయడం అన్నమాట. ఎవరు ఏం చెప్పినా వినాలి, విన్నది నిజమో కాదో తేల్చుకోవాలి అని చెప్పే శతక పద్యాన్ని కూడా మేం అలాగే అప్పజెప్పాం. నిజమో కాదో తేల్చుకునే పని ఎవరూ పెట్టలేదు.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. దాంతోపాటే మెట్రిక్యులేషన్ పరీక్ష, జవాబు పత్రం వచ్చాయి. అప్పటిదాకా నోటితో అప్పజెప్పినదాన్ని ఇక చేత్తో అప్పజెప్పడం మొదలైంది. నిజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణలో పిల్లల కష్టం ఇంకో రకం. ఇంట్లో తెలుగు, హైస్కూల్లో ఉర్దూ. అర్థమయ్యే లోపే పాఠం అయిపోయేది.

ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మనిషి గిడుగు రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడినవాడిగా ఆయన అందరికీ తెలుసు. కానీ ఆయన పోరాటం కలం దగ్గర కాదు, చెవి దగ్గర మొదలైంది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్నప్పుడు చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట ఆయన చెవిన పడింది. ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. వినడం తప్ప నేర్చుకునే దారి లేదు. సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు, కొండలకు వెళ్లి నేర్చుకున్నాడు. ఆ భాషలో పిల్లలకు వాచకాలు తయారు చేశాడు, సొంత డబ్బుతో బడి పెట్టాడు. ఆ తిరుగుళ్లలో మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెముడు వచ్చింది, అది జీవితాంతం పోలేదు. తెలుగు బడికి వినడం నేర్పాలని చూసినవాడికే వినబడకుండా పోయింది.

1906 ప్రాంతంలో ఉత్తర కోస్తాకు స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లిష్ దొర వచ్చాడు. తెలుగు నేర్చుకుంటున్న యేట్స్‌కు ఒక సందేహం కలిగింది. పుస్తకంలో ఉన్న తెలుగు వీధిలో ఎందుకు వినబడదు? విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ను అడిగాడు. దీనికి జవాబు చెప్పగలవాళ్లు ఇద్దరున్నారంటూ ఆయన గిడుగునూ గురజాడ అప్పారావునూ చూపించాడు. భాష ఏదైనా ముందు మాట్లాడించాలి, చదవడం రాయడం తర్వాత, అనే కొత్త బోధన పద్ధతి మీద యేట్స్‌కు నమ్మకం ఉండేది. దాన్ని తెలుగుకు వర్తింపజేస్తే ఏమవుతుందో గిడుగుకు వెంటనే తట్టింది. ఏ తెలుగు మాట్లాడించాలి? వచ్చెను, పోయెను అని ఏ పిల్లా అనదు కదా.

అక్కడి నుంచి కథ పక్కదారి పట్టింది. పక్కదారి అనేది నా మాట, ఉద్యమ చరిత్రలు అలా చెప్పవు. స్కూల్ ఫైనల్ పరీక్షలో తెలుగు వ్యాసం గ్రాంథికంలో రాయాలా, వాడుకలో రాసినా ఒప్పుకోవాలా అనే దగ్గర గొడవ ముదిరింది. 1911లో జయంతి రామయ్య పంతులు వగైరా ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి గ్రాంథికం వైపు నిలబడ్డారు. విశ్వవిద్యాలయం కమిటీ వేసింది. మెజారిటీని కాదని గురజాడ 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాశాడు. వాడుక భాష అప్పటికి ఓడిపోయింది, పరీక్షల్లోకీ పాఠ్యపుస్తకాల్లోకీ పూర్తిగా రావడానికి ఇంకో అర్ధశతాబ్దం పైనే పట్టింది. చివరికి గెలిచింది, సంతోషమే. కానీ బడిలో పిల్లల్ని ఎలా మాట్లాడించాలి అన్న ప్రశ్న జవాబు పత్రంలో ఎలా రాయాలి అన్నదిగా మారిపోయింది. మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది.

గెలిచిన వాడుక భాష కూడా అందరి వాడుకా కాదు. కోస్తాలో చదువుకున్నవాళ్ల మాటే శిష్టవ్యావహారికం పేరుతో పుస్తకమెక్కింది. క్లాసులో తెలంగాణ పిల్లవాడు వస్తున్న అంటే నవ్వు, శ్రీకాకుళం పిల్ల యాస తీస్తే నవ్వు. బడి పలుకుల భాష వేరు, పలుకుబడుల భాష వేరు అని కాళోజీ ఊరికే అనలేదు. నోరు తెరిస్తే నవ్వుతారని తెలిసిన పిల్లకు నోరు మూసుకోవడమే తెలివైన పని. మౌఖిక నైపుణ్యాలు అని ఎన్ని శిక్షణలు ఇచ్చినా ఈ సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాదు.

దీన్ని సూటిగా పట్టించుకున్న ప్రయత్నం ఒకటుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు మొదటి తరగతి నుంచి సొంత భాషలో చదువు మొదలుపెట్టింది. సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా. ముందు ఇంటి భాషలో మాట, ఆ తర్వాత తెలుగు. గిడుగు సవర వాచకాలు రాసిన వందేళ్లకు సవర మళ్లీ ప్రభుత్వ పుస్తకమైంది.

మిగతా పిల్లలకు మార్పు 2011లో వచ్చింది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని అనుసరించి రాష్ట్రం తన సొంత చట్రం తయారు చేసింది. 2012 నుంచి కొత్త పుస్తకాలు వరసగా వచ్చాయి. నా లెక్కలో అవి మంచి పుస్తకాలు. పాఠం ఒక బొమ్మతో మొదలవుతుంది. బొమ్మలో ఎవరెవరున్నారు, ఏం మాట్లాడుకుంటున్నారు, నువ్వైతే ఏం చేస్తావు అని అడుగుతుంది. వాటికి ఒకే సరైన జవాబంటూ ఉండదు. అదే పెద్ద చిక్కయింది. ఒకే జవాబు లేనిదాన్ని గైడు అచ్చేయలేదు అనుకున్నాం. అచ్చేసింది. మంగళవారం సంత అలా వచ్చిందే. ఇంగ్లిష్ వాచకంలోనైతే టీచర్ చదివి వినిపించాల్సిన పాఠాన్ని పిల్లల పుస్తకం వెనకే ముద్రించారు. వినే పని ఎవరికీ లేకుండా పోయింది.

మార్కుల సంగతి ఇంకా ఆసక్తికరం. 2015 నుంచి పదో తరగతిలో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 బడి చేతికి ఇచ్చారు. ఏడాది పొడవునా పిల్లల భాగస్వామ్యం, ప్రాజెక్టులు, రాతపని చూసి టీచరే వేయాలి. పిల్లలు నోరు విప్పితే లెక్కలోకి వచ్చే చోటు ఏదైనా ఉందంటే అదొక్కటే. ఏమైందో ఊహించడం కష్టం కాదు. ప్రైవేటు బడులు అందరికీ ఇరవైకి ఇరవై వేసుకుంటున్నాయన్న ఫిర్యాదులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ ఇరవైని తీసేసింది. తెలంగాణ 2024 నవంబరులో తీసేస్తున్నట్టు చెప్పి, ఒక్క రోజులోనే మరుసటి ఏడాదికి వాయిదా వేసింది. సీబీఎస్‌ఈది కూడా ఇదే దారి. తొమ్మిది, పది తరగతుల ఇంగ్లిష్‌లో వినడానికీ మాట్లాడడానికీ విడిగా 20 మార్కుల పరీక్ష పెట్టింది. కొన్నేళ్లకు ఆ పరీక్ష పోయి, అంతర్గత మార్కుల్లో ఓ మూలకు చేరింది.

మనవాళ్లే ఇంత అని నిట్టూర్చక్కర్లేదు. రాయడం చదవడం అక్షరాస్యత అయితే మాట్లాడడం వినడానికి కూడా ఒక పేరుండాలని ఆండ్రూ విల్కిన్‌సన్ 1965లో ఒరాసీ అనే మాట పుట్టించింది ఇంగ్లండ్‌లోనే. మాట్లాడే పరీక్షలో టీచర్లు వేసే మార్కులకు ఒక పద్ధతంటూ లేదని అక్కడి పరీక్షల నియంత్రణ సంస్థ 2013లో తేల్చింది. ఆ మార్కులను ఇంగ్లిష్ తుది గ్రేడులో కలపడం మానేశారు. మాట్లాడే పరీక్ష ఇప్పటికీ పెడతారు, ఫలితం సర్టిఫికెట్‌లో పక్కన ఉంటుంది. దాన్ని మళ్లీ ముందుకు తేవాలని 2024లో ఒక కమిషన్ నివేదిక ఇచ్చింది. అంటే టీచర్ని నమ్మితే మార్కులు ఉబ్బుతాయి, నమ్మకపోతే మాట పోతుంది. మధ్యదారి అక్కడా ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్ 2023లో ఇంకో దారి పట్టింది. టీచర్ని పక్కనపెట్టి పరీక్షనే బయటి నుంచి తెచ్చుకుంది. అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని, ప్రభుత్వ బడుల్లో మూడు నుంచి తొమ్మిదో తరగతి దాకా టోఫెల్ శిక్షణ పెట్టింది. విదేశాలకు వెళ్లే విద్యార్థుల పరీక్ష పేరు పల్లెటూరి మూడో తరగతి గదిలో వినబడటం వింతే. మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక అది పక్కన పడింది. ఇందులో వినడం, మాట్లాడడం అంటే ఇంగ్లిష్‌లో వినడం, మాట్లాడడమే. తల్లిదండ్రులకు కావలసింది కూడా అదే, దాచుకోవడం దేనికి? ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఇంగ్లిష్ ల్యాబ్, అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్, ప్లేస్‌మెంట్ల ముందు గ్రూప్ డిస్కషన్ టెన్షన్, అన్నీ బడిలో నోరు విప్పని పన్నెండేళ్లకు కట్టే వడ్డీ లాంటివి. తెలుగులోనే నలుగురి ముందు రెండు నిమిషాలు మాట్లాడని కుర్రాణ్ని ఇంగ్లిష్‌లో గ్రూప్ డిస్కషన్‌కు కూర్చోబెడితే ఏం చేస్తాడు? యూట్యూబ్‌లో చూసినది అప్పజెబుతాడు.

ఇప్పుడు చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం 2021లో తెచ్చిన నిపుణ్ భారత్ పథకంలో మౌఖిక భాషకు ముందువరసలో చోటిచ్చారు. తెలంగాణ 2022లో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లల కోసం తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టింది. టీచర్లకు చేతిపుస్తకాలు వచ్చాయి, కథలు చెప్పించండి అన్నారు. చెప్పించే టీచర్లను నేను చూశాను, ఆ గదుల్లో గోల బాగుంటుంది.

వేసవి అయిపోయి ఆగస్టు వచ్చింది. 29న గిడుగు పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. మా అక్క కూతురి బడిలో వక్తృత్వ పోటీ పెట్టారు, అంశం గిడుగు రామమూర్తి. పిల్లకు పేజీన్నర ప్రసంగం రాసిచ్చారు. ముందురోజు రాత్రి వీడియో కాల్ చేసి నాకు అప్పజెప్పింది. "వ్యావహారిక భాషోద్యమ పితామహులు, చిరస్మరణీయులు" దగ్గర నాలుగుసార్లు తడబడింది. చిరస్మరణీయులు అంటే ఏంటి మామయ్యా అని అడిగింది. చెప్పాను. అంత పొడుగ్గా ఎందుకు, మర్చిపోలేం అనొచ్చుగా అంది. అలాగే అనమన్నాను. మార్కులు పోతాయని ఒప్పుకోలేదు. మర్నాడు సర్టిఫికెట్‌తోపాటు మార్కుల కాగితం ఫొటో పంపింది. అందులో మూడు గళ్లున్నాయి: ఉచ్చారణ, హావభావాలు, ధారణ. ధారణకు పదికి పది.