తంగేడు సాగు: అపోహలు, వాస్తవాలు

అపోహ: తంగేడు బీళ్లలో దానంతట అదే పెరుగుతుంది కనుక విత్తనం చల్లితే చాలు.

వాస్తవం: నర్సరీ నడిపే మాకు అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట ఇదే. తంగేడు గింజ పైపెంకు చాలా గట్టిది. అది అరిగి మెత్తబడేవరకు నీరు లోపలికి చేరదు, గింజ మొలవదు. అందుకే చల్లిన గింజల్లో చాలావరకు ఆ ఏడాది నేలలోనే ఉండిపోతాయి. గింజలను ముతక ఇసుకతో కలిపి, పైమెరుపు పోయేదాకా రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. తెల్లవారి చూస్తే కొన్ని బాగా ఉబ్బి ఉంటాయి, కొన్ని వేసినవి వేసినట్టే గట్టిగా ఉంటాయి. ఉబ్బినవాటినే విత్తుకుని, మిగిలినవాటిని మళ్లీ రుద్ది నానబెట్టాలి. తల్లివేరు త్వరగా లోతుకు దిగుతుంది కాబట్టి, సంచిలో ఎక్కువకాలం ఉంచి వేరు అడుగున చుట్టుకున్న మొక్కను నాటితే అది సరిగా ఎదగదు.

అపోహ: చిక్కుడు కుటుంబానికి చెందినది కాబట్టి, జీలుగ, జనుముల్లాగే నేలకు నత్రజనిని అందిస్తుంది.

వాస్తవం: తంగేడు వేళ్లకు బుడిపెలు రావు, గాలిలోని నత్రజనిని అది స్థిరీకరించదు. అయితే దాని కొమ్మలను, ఆకులను కోసి వరి మడిలో తొక్కించడం మన రైతులకు పాత అలవాటే, అది మంచి పచ్చిఆకు ఎరువు. ఈ రెండు ప్రయోజనాలనూ ఒకటిగా భావించకూడదు.

అపోహ: పూలు విరగబూస్తాయి కనుక తేనె బాగా వస్తుంది.

వాస్తవం: ఈ పువ్వులో మకరందం ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. ఆ పుప్పొడి కూడా కేసరాల కొనన ఉన్న సన్నని రంధ్రాల గుండానే బయటకు రావాలి. పెద్ద నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని కంపించినప్పుడు అది రాలడాన్ని ఉదయం పూట దగ్గరగా నిలబడితే చూడవచ్చు. పక్క పొలంలో పూత సమయాన పురుగుమందు కొడితే కాయ తగ్గడానికి తుమ్మెదలు తగ్గడమూ ఒక కారణం.

అపోహ: తంగేడు పూల కషాయం తాగితే మధుమేహం పోతుంది.

వాస్తవం: జంతువులపై జరిగిన ప్రయోగాల్లో చక్కెర తగ్గినట్టు కనిపించింది, అంతమాత్రాన డాక్టరు ఇచ్చిన మాత్రలు మానడం ప్రమాదకరం. విరేచనకారి అయిన నేలతంగేడు, అంటే సునాముఖి, ఇదే ప్రజాతిలోని వేరే మొక్క. పేరు కలిసిందని ఒకదాని బదులు మరొకటి వాడకూడదు.

అపోహ: కొమ్మలు కోస్తే చెట్టు చనిపోతుంది.

వాస్తవం: తోళ్లు పదును పెట్టడానికి తంగేడు చెక్కను విరివిగా వాడిన రోజుల్లో కూడా నరికిన మోడు మళ్లీ చిగురించేది. తంగేడును చంపేది నీరు నిలిచే నేల, వేళ్లతో సహా దున్నేసే యంత్రం. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన ఈ పువ్వు కోసం నేడు బతుకమ్మ పండుగకు చాలా దూరం వెళ్లవలసి వస్తున్నదంటే, గట్లు, చెలకలు ప్లాట్లుగా మారడమే కారణమని నా అభిప్రాయం. కోసేటప్పుడు కొమ్మను చీల్చకుండా కత్తెరతో కత్తిరించి, ప్రతి పొదలో కొన్ని గుత్తులైనా కాయకట్టడానికి వదిలేయండి. ఎండిన కాయలు వచ్చే తొలకరికి విత్తనంగా పనికివస్తాయి.