చిప్‌లో మిగిలిన వేగం ఎవరిది?

కొన్న కంప్యూటర్ బాగానే నడుస్తుంటే దాన్ని కెలకడం దేనికి? ఓవర్‌క్లాకింగ్ సరదా ఉన్నవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. ప్రాసెసర్‌ని తయారీదారు 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర నడపమంటే దాన్ని 4.8 దాకా, 5 దాకా లాగి చూడడం, అందుకోసం పెద్ద కూలర్ కొనడం, రాత్రంతా టెస్టు పెట్టి పొద్దున్న లేస్తూనే స్క్రీన్ వైపు పరిగెత్తడం, ఇవన్నీ చూసేవాళ్లకు వింతగానే ఉంటాయి. నేను ఆ పని చాలా ఏళ్లు చేశాను. ఇప్పటికీ చేస్తున్నాను, కాకపోతే అంకెల్ని ఇంకో వైపు తిప్పుతున్నాను. అదెందుకో చెప్పాలంటే, అసలు ఆ అదనపు వేగం చిప్‌లో ఎక్కడ దాగి ఉంటుందో ముందు చూడాలి.

ప్రాసెసర్‌లో కోట్లాది ట్రాన్సిస్టర్లు ఒకే తాళానికి అడుగులు వేస్తాయి. ఆ తాళమే క్లాక్. 5 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 500 కోట్ల దెబ్బలు. ఒక దెబ్బ పడ్డాక రెండోది పడేలోపు కాంతి కూడా 6 సెంటీమీటర్లకు మించి ప్రయాణించలేదు. అంత చిన్న వ్యవధిలో విద్యుత్ సంకేతం ఎన్నో ట్రాన్సిస్టర్లు దాటుకుని అవతలికి చేరి, అక్కడ కుదురుకోవాలి. చిప్‌లో ఇలాంటి దారులు లెక్కలేనన్ని. వాటిలో అన్నిటికంటే నెమ్మదైన దారి ఏదో, మొత్తం చిప్ వేగం దాని చేతిలో ఉంటుంది. సంకేతం చేరకముందే తర్వాతి దెబ్బ పడిందా, అక్కడున్న పాత విలువనే సర్క్యూట్ జవాబుగా తీసేసుకుంటుంది. 1 రావాల్సిన చోట 0 వస్తుంది.

కంప్యూటర్ ఆన్ అవగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్ పేరు బయోస్. అందులో మనం మార్చేది మాత్రం చాలా చిన్న అంకె. మూల క్లాక్ 100 మెగాహెర్ట్జ్ అనుకుందాం. ప్రాసెసర్ దాన్ని 45తో హెచ్చించుకుంటే 4.5 గిగాహెర్ట్జ్ అవుతుంది. ఆ 45ని 47 చేసి సేవ్ కొడితే ఓవర్‌క్లాక్ చేసినట్టే. కానీ దెబ్బల మధ్య వ్యవధి తగ్గింది కాబట్టి సంకేతాలు ఇంకాస్త త్వరగా చేరాలి. దానికి ఉపాయం వోల్టేజీ పెంచడం. వోల్టేజీ ఎక్కువ అందితే ట్రాన్సిస్టర్ చురుగ్గా మారుతుంది. ఓవర్‌క్లాకింగ్ అంతా ఈ రెండు అంకెల మధ్య జరిగే బేరమే.

మరి 4.5 అని రాసిచ్చిన చిప్ 4.8 దగ్గర కూడా ఎలా నడుస్తుంది? వేఫర్ అనే ఒకే పలుచటి సిలికాన్ పలక మీద తయారైన చిప్‌లు కూడా ఏ రెండూ అచ్చం ఒకేలా రావు. వాటిని పరీక్షించి గ్రేడులుగా విడదీస్తారు. దీన్నే బిన్నింగ్ అంటారు. ఒక గ్రేడులో అన్నిటికంటే బలహీనమైన చిప్ కూడా తట్టుకోగల వేగాన్నే ఆ గ్రేడు మొత్తానికీ రాస్తారు. చవక రకానికి గిరాకీ ఎక్కువగా ఉంటే, పై గ్రేడుకి సరిపోయే చిప్‌లకు కూడా కింది గ్రేడు పేరు పెట్టి అమ్మిన సందర్భాలున్నాయి. దీనికి తోడు ఇంకో జాగ్రత్త. ఆ చిప్ ఎవరింటికి వెళ్తుందో తయారీదారుకి తెలియదు. గాలాడని వేడి గదిలో, దుమ్ము పేరుకున్న ఫ్యాన్ కింద, వోల్టేజీ నిలకడగా ఇవ్వని పవర్ సప్లైతో, ఏళ్ల తరబడి వాడి ట్రాన్సిస్టర్లు కాస్త మందగించాక కూడా అది తప్పు లెక్క చెప్పకూడదు. వీటన్నిటి కోసం కొంత వేగాన్ని తీసి పక్కన పెడతారు.

ఓవర్‌క్లాకర్ కన్ను ఆ మిగులు మీదే ఉంటుంది. నా చిప్ మంచిది, కూలర్ పెద్దది, గది చల్లగా ఉంది, మరి ఎవరి కోసమో దాచిన వేగం నాకెందుకు దక్కకూడదు? ఇది న్యాయమైన ప్రశ్నే. ఎవరికి ఎంత మంచి చిప్ వస్తుందో అదృష్టం కాబట్టి దీనికి సిలికాన్ లాటరీ అని పేరు కూడా ఉంది.

ఆ లాటరీలో నిజంగా డబ్బులు మిగిలిన రోజులున్నాయి. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ 6 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. దాని క్లాక్‌కి ఆధారమైన క్వార్ట్జ్ క్రిస్టల్‌ని ఊడదీసి ఇంకాస్త వేగమైనది పెడితే చాలు, అదే యంత్రం 8 దగ్గర నడిచేది. ఇది ఎంతగా పాకిందంటే, తర్వాతి బయోస్‌లలో వేగాన్ని తనిఖీ చేసే కోడ్‌ని ఐబీఎం పెట్టాల్సి వచ్చింది. 1998లో ఇంటెల్ అమ్మిన సెలరాన్ 300ఏ కథ ఇంకా గొప్పది. 300 మెగాహెర్ట్జ్ చిప్ అది. మూల క్లాక్‌ని 66 నుంచి 100కి మారిస్తే 450 అయ్యేది, చాలా చిప్‌లు ఆ వేగాన్ని ఇబ్బంది లేకుండా తట్టుకునేవి. దానికి కొన్ని రెట్లు ఎక్కువ ధర పలికే పెంటియం 2 చిప్‌తో అది ఎన్నో పనుల్లో సమానంగా పరిగెత్తేది. సగానికి సగం వేగం ఉచితం!

ఆ తర్వాత రెండేళ్లకు ఏఎమ్‌డీ కొత్త రకం అథ్లాన్, డ్యూరాన్ చిప్‌లు వచ్చాయి. హెచ్చింపు అంకెని జనం మార్చకుండా చిప్ పైన కనిపించే సన్నటి లోహపు వంతెనల్ని ఫ్యాక్టరీలో లేజర్‌తో తెంచేవాళ్లు. తెగిన చోట మామూలు పెన్సిల్‌తో గీత గీస్తే సరిపోయేది. పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైట్, దానిలో కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి వంతెన మళ్లీ కలిసిపోయేది. వెంట్రుకంత ఖాళీలో గీత పక్క వంతెనకి తగలకుండా గీయడానికి ఎంత ఓపిక కావాలో! కోట్ల రూపాయల ఫ్యాక్టరీ వేసిన తాళాన్ని బడిపిల్లల పెన్సిల్ తీసేసిందన్న ఆనందం ముందు ఆ ఓపిక పెద్ద ఖరీదు కాదు. ఈ సరదా ఎందుకు అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ గీతే.

2011 నాటి కోర్ ఐ5 2500కె దాకా ఆ కాలం సాగింది. 3.3 గిగాహెర్ట్జ్ మూల వేగం ఉన్న ఆ చిప్‌లు మంచి ఎయిర్ కూలర్ కింద 4.5 దాకా వెళ్లడం మామూలు విషయం. కానీ అప్పటికే చిప్‌లు తమ మిగులుని తామే వాడుకోవడం మొదలుపెట్టాయి. 2008లో ఇంటెల్ టర్బో బూస్ట్ తెచ్చింది. ఉష్ణోగ్రత ఎంతుంది, కరెంటు ఎంత లాగుతున్నాను అని చిప్ క్షణక్షణం కొలుచుకుని, వీలున్నప్పుడల్లా వేగం పెంచుకుంటుంది. ఇవాళ్టి చిప్‌లు ఇందులో ఎంత ఆరితేరాయంటే మనం చేతితో పెంచడానికి మిగిలేది చాలా తక్కువ. కొన్ని చిప్‌లలో కోర్లనీ, అంటే విడివిడిగా లెక్కలు చేసే విభాగాలన్నిటినీ, ఒకే వేగానికి కట్టేస్తే, ఒక్క కోర్ మీద నడిచే పనులు మునుపటికంటే నెమ్మదిస్తాయి కూడా.

ఆ కాస్త కోసం చెల్లించేది మాత్రం ఎక్కువ. చిప్ పనిచేయడానికి ఖర్చయ్యే విద్యుత్తు క్లాక్ వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో కూడా పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచడానికి వోల్టేజీ కూడా 10 శాతం పెంచాల్సి వచ్చిందనుకోండి. 1.1 ని 1.1 తో, మళ్లీ 1.1 తో హెచ్చిస్తే 1.33. అంటే 10 శాతం వేగానికి 33 శాతం ఎక్కువ వేడి. ఆ 10 శాతం కూడా చేతికి పూర్తిగా రాదు. మెమరీ నుంచి ఒక విలువ తెప్పించుకోవడానికి 80 నానోసెకన్లు పడితే, 5 గిగాహెర్ట్జ్ చిప్ ఆలోపు 400 దెబ్బలు లెక్కపెడుతుంది. తాళం వేగం పెంచితే ఆ ఎదురుచూపు తగ్గదు. గ్రాఫిక్స్ కార్డు పూర్తి బరువు మోస్తున్న గేమ్‌లో అయితే ప్రాసెసర్ వేగం పెంచినా ఫ్రేముల్లో తేడా కనబడదు.

ఇంతవరకు డబ్బు, వేడి. నా మనసు మార్చినవి అవి కావు.

ఒకసారి నా ప్రాసెసర్‌ని 4.7 దగ్గర పెట్టి మూడు వారాలు వాడాను. ఒక్కసారి కూడా హ్యాంగ్ అవలేదు, బ్లూ స్క్రీన్ రాలేదు. గంటసేపు పెట్టిన టెస్టు పాసైంది కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాను. తర్వాత ఒక రాత్రి ప్రైమ్95 అనే ప్రోగ్రామ్‌ని టెస్టుగా పెట్టి పడుకున్నాను. పొద్దున్న చూస్తే అది ఒకేసారి నడిపే ఎనిమిది లెక్కల వరుసల్లో ఏడు నడుస్తున్నాయి, ఒకటి ఆగిపోయింది. దాని మీద ఉన్న వాక్యం: ‘ఫేటల్ ఎర్రర్: రౌండింగ్ వాజ్ 0.5, ఎక్స్‌పెక్టెడ్ లెస్ దాన్ 0.4.’

ఆ వాక్యం అర్థం తెలిస్తే భయం వేస్తుంది. ప్రైమ్95 అసలు పని మెర్సెన్ ప్రధాన సంఖ్యల్ని వెతకడం. అందుకోసం అది అంతులేనంత పొడవైన సంఖ్యల్ని ముక్కలుగా చేసి, దశాంశాలతో గుణకారం చేస్తుంది. చివరికి ప్రతి ముక్కకీ పూర్ణాంకమే రావాలి, కానీ దశాంశాల వల్ల 7కి బదులు 7.02 లాంటిది వస్తుంది. దాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరించుకుంటుంది. 7.5 వస్తే? అది ఏడో ఎనిమిదో చెప్పడానికి ఆధారమే ఉండదు. అందుకే తేడా 0.4 దాటితే ఎక్కడో లెక్క తప్పిందని ఆగిపోతుంది. ఈ ప్రోగ్రామ్ తన జవాబుని తానే సరిచూసుకుంటుంది కాబట్టి నాకు తెలిసింది. మిగతా ప్రోగ్రాములు అలా చూసుకోవు. తప్పు జవాబుని ఒప్పు జవాబంత ధీమాగా డిస్కు మీద రాసేస్తాయి.

ఆ మూడు వారాల్లో నేను దాచుకున్న జిప్ ఫైళ్లన్నీ ఆ ఉదయమే తనిఖీ చేశాను. రెండు తెరుచుకోలేదు, సీఆర్‌సీ ఎర్రర్, అంటే లోపలి డేటా చెడిపోయిందని. ఒరిజినల్స్ ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. కంప్యూటర్ నడవడం వేరు, సరిగ్గా లెక్క వేయడం వేరు అని నాకు అప్పుడు అర్థమైంది. తయారీదారు పక్కన పెట్టిన మిగులు కొన్నది ఈ రెండో దాన్నే.

చిప్ ఆయుష్షు కూడా ఆ మిగులులోనే ఉంది. వోల్టేజీ, వేడి పెరిగేకొద్దీ ట్రాన్సిస్టర్లు త్వరగా ముసలివవుతాయి. సన్నటి లోహపు తీగల్లో పరిగెత్తే ఎలక్ట్రాన్లు లోహపు పరమాణువుల్ని మెల్లగా తోసుకుపోతాయి, దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు చాలామంది దగ్గర అకారణంగా క్రాష్ అవుతుంటే, మితిమీరిన వోల్టేజీ కారణమని కంపెనీ తేల్చి, చిప్ లోపలి ఆదేశాలకు (మైక్రోకోడ్‌కి) సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఓవర్‌క్లాక్ చేయనివాళ్లకీ ఆ ఇబ్బంది తప్పలేదు. నా ఉద్దేశంలో, పోటీలో పడి తయారీదారులు తామే మిగులుని గీకేస్తున్నప్పుడు అదే మిగులులోంచి మనం ఇంకొంచెం గీకాలనుకోవడం తెలివైన పని కాదు.

రికార్డుల కోసం చేసేవాళ్ల లెక్క వేరు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్, ఇంకా చల్లగా మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియం పోసి చిప్‌ని గడ్డకట్టిస్తారు. 2011లో ఏఎమ్‌డీ ఎఫ్‌ఎక్స్ చిప్ ఒకటి హీలియం కింద 8.429 గిగాహెర్ట్జ్‌కి వెళ్లి గిన్నిస్ రికార్డు కొట్టింది. తర్వాత ఇంటెల్ చిప్‌లు 9 కూడా దాటాయి. ఆ వేగం నిలిచేది కాసేపే, దానితో ఎవరూ పని చేసుకోరు. వంద మీటర్ల పరుగులో గెలిచినవాణ్ని ఎక్కడికి వెళ్లాలని పరిగెత్తావని అడగం కదా. సిలికాన్ ఎంత దాకా వెళ్లగలదో చూడాలన్న తపన అది, నాకు దాని మీద గౌరవమే.

ఇంట్లో వాడుకునేవాళ్లకు లాభమయ్యే పని ఇంకా ఒకటుంది, మెమరీ. వేగం 6000 అని డబ్బులిచ్చి కొన్న డీడీఆర్5 ర్యామ్ చాలాసార్లు 4800 దగ్గరే నడుస్తుంటుంది. బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ లేదా ఎక్స్‌పో అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే కొన్న వేగం వస్తుంది. సాంకేతికంగా ఇదీ ఓవర్‌క్లాకే, కాబట్టి ఆన్ చేశాక ఒక రాత్రి మెమరీ టెస్టు పెట్టాలి. ఆఫీసు లెక్కలు, పరిశోధన ఫలితాలు ఉండే కంప్యూటర్‌లో అయితే నేను దీని జోలికి కూడా వెళ్లను.

ఇక నేను చేస్తున్నది అండర్‌వోల్టింగ్. వేగాన్ని ముట్టుకోకుండా వోల్టేజీని కొద్దికొద్దిగా తగ్గించడం. లాటరీలో వచ్చిన మంచి చిప్‌కి అంత వోల్టేజీ అవసరం ఉండదు కదా. అదే మిగులుని వేగంగా కాకుండా చల్లదనంగా తీసుకుంటున్నానన్నమాట. వోల్టేజీ 8 శాతం తగ్గితే 0.92 వర్గం 0.85, అంటే విద్యుత్తు దాదాపు 15 శాతం తగ్గినట్టు. వేడికి వేగం తగ్గించుకునే ల్యాప్‌టాప్ అయితే వేగం కూడా పెరుగుతుంది. ప్రమాదం మాత్రం అదే. మరీ తగ్గిస్తే సంకేతం ఆలస్యమవుతుంది, లెక్క తప్పుతుంది. అందుకని పది మిల్లీవోల్టులు తగ్గించడం, రాత్రికి టెస్టు పెట్టడం. నిన్న రాత్రి కూడా పెట్టాను. పొద్దున్న ఫ్యాన్ చప్పుడు వినడానికి చెవి దగ్గర పెట్టాల్సి వచ్చింది. ఎనిమిది వరుసలూ నడుస్తున్నాయి.