గణితం ట్యూటర్ కోసం వెతుకుతున్నారా? పెన్ను ఎవరి చేతిలో ఉందో చూడండి

“చెప్పేటప్పుడు అంతా అర్థమవుతుందట సార్. పరీక్షలో కూర్చుంటే మాత్రం చెయ్యి ఆడట్లేదట.”

పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు గణితం చెప్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. నాకు ఫోన్ చేసే తల్లిదండ్రుల్లో చాలామంది మొదట చెప్పే మాట ఇదే. అప్పటికే ఇద్దరు ముగ్గురు ట్యూటర్లు మారి ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పి ఉంటారు: ఏకాగ్రత లేదు, ప్రాక్టీస్ చాలదు, బేసిక్స్ లేవు. ఇంట్లోవాళ్లకి చివరికి మిగిలేది ఒకటే అనుమానం, మా పిల్లకి లెక్కలు రావేమో అని. ఆ మాట పిల్ల చెవిన పడి, తనూ నమ్మడం మొదలుపెట్టాక దాన్ని పోగొట్టడానికే నాకు నెలలు పడుతుంది. అందుకే రాస్తున్నాను.

అపోహ: బాగా చెప్పగలిగినవాళ్లే మంచి ట్యూటర్

అన్ని అపోహల్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. డెమో క్లాసు ఎలా జరుగుతుందో గుర్తు చేసుకోండి. ట్యూటర్ ఒక కష్టమైన ఇంటిగ్రల్ తీసుకుంటారు. సరైన సబ్‌స్టిట్యూషన్ పెట్టి నాలుగు లైన్లలో తేల్చేస్తారు. పక్కన కూర్చున్న అమ్మానాన్నలకి ముచ్చటేస్తుంది. పిల్లాడు తల ఊపుతాడు. బయటికొచ్చాక “ఎలా ఉంది?” అంటే “బాగా చెప్పారు” అంటాడు. ట్యూషన్ ఖాయమైపోతుంది.

ఆ గంటలో లెక్క చేసింది ఎవరు? ట్యూటర్ చేశారు, పిల్లాడు చూశాడు. పరీక్షలో చేయాల్సింది మాత్రం పిల్లాడు.

నేను కొత్తగా ట్యూషన్లు మొదలుపెట్టిన రోజుల్లో ఒక అమ్మాయి వచ్చేది. చాలా శ్రద్ధ. ఒక్క క్లాసూ మానేది కాదు. ఏది చెప్పినా “అర్థమైంది సార్” అనేది. నేనూ గంటసేపు ఊపిరాడకుండా చెప్పేవాణ్ని, నా క్లాసు బాగా సాగుతోందని నమ్మేవాణ్ని. మూడు నెలల తర్వాత పరీక్షలో ఆ అమ్మాయికి అంతకుముందు కంటే తక్కువ వచ్చాయి. ఆ రోజు తన నోటుపుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి తిరగేశాను. పేజీలకు పేజీలు నా చేతిరాతే ఉంది. పక్కన కూర్చుని నేను చేసి చూపించిన లెక్కలు అవి. ఆ అమ్మాయి రాత ఉన్నచోట కూడా బోర్డు మీదవి ఎక్కించుకున్న లైన్లే. తనంతట తాను మొదలుపెట్టిన లెక్క ఒక్కటీ కనపడలేదు. తను “నా వల్ల కాదేమో సార్” అని ఏడ్చింది. తప్పు నాదని ఆ పిల్లకి చెప్పాను, వాళ్లమ్మగారికీ చెప్పాను. ఆ తర్వాత నా పద్ధతి మొత్తం మార్చుకున్నాను.

ఒకరు చేసిన లెక్కను అనుసరించడం వేరు, మొదటి లైను ఏం రాయాలో నిర్ణయించుకోవడం వేరు. చేసి చూపించిన లెక్కలో ప్రతి మెట్టూ ముందు మెట్టు నుంచి సహజంగా వచ్చినట్టే ఉంటుంది, కాబట్టి అర్థమైందనే అనిపిస్తుంది. పిల్లలు అబద్ధం చెప్పరు, వాళ్లకి నిజంగానే అర్థమవుతుంది. కానీ ఇక్కడ ఫ్యాక్టరైజ్ చేయాలా, కాంజుగేట్‌తో గుణించాలా, అసలు ఇది ఏ చాప్టర్ లెక్క అన్న నిర్ణయం ట్యూటర్ తలలో జరిగిపోయింది. అది నోటుపుస్తకంలోకి రాలేదు.

పరిశోధనలూ ఇదే చెబుతున్నాయి. కర్ట్ వాన్‌లెన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కాలేజీ భౌతికశాస్త్రంలో జరిగిన 125 గంటల ట్యూషన్ సంభాషణలను విశ్లేషించి 2003లో ఒక వ్యాసం ప్రచురించారు. విద్యార్థి ఎక్కడో ఒకచోట ఇరుక్కుపోయి ఆగినప్పుడే నేర్చుకోవడం కనపడింది. ఇరుక్కోనప్పుడు ట్యూటర్ ఎలాంటి వివరణ ఇచ్చినా నేర్చుకోవడం అరుదే. పిల్లాడు ఇరుక్కునేదాకా ఆగలేని ట్యూటర్, ఎంత గొప్పగా చెప్పినా, ఆ క్షణాన్ని పిల్లాడి దగ్గర నుంచి లాగేసుకుంటున్నట్టే.

ఆగడం తేలిక కాదు. 1970ల్లో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదులను గమనించి, టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని చూపించారు. ఆ సెకన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, మెరుగయ్యాయి. నేను నా క్లాసులో మనసులో పది దాకా లెక్కపెట్టుకుంటాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆరు దగ్గరికి వచ్చేసరికి నోరు తెరవాలనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. సైన్ 2ఎక్స్ = కాస్ ఎక్స్. సున్నా నుంచి 360 డిగ్రీల లోపు ఎక్స్ విలువలు కావాలి. పిల్లాడు సైన్ 2ఎక్స్‌ని 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌గా రాస్తాడు, రెండువైపులా కాస్ ఎక్స్‌తో భాగించేస్తాడు, సైన్ ఎక్స్ = 1/2 వస్తుంది, 30, 150 అని జవాబు రాస్తాడు. ఒక ట్యూటర్ “అలా భాగించకూడదు, కామన్ తీసుకోవాలి” అని పెన్ను లాక్కుని సరిచేసి ఇస్తారు. అర నిమిషంలో అయిపోతుంది. ఇంకో ట్యూటర్ “90 వేసి చూడు” అని ఊరుకుంటారు. పిల్లాడు వేసి చూస్తాడు. ఎడమవైపు సైన్ 180, అంటే సున్నా. కుడివైపు కాస్ 90, అదీ సున్నా. మరి 90 నా జవాబులో ఎందుకు లేదు? అక్కడ ఆగిపోతాడు. ఐదు నిమిషాలు పడుతుంది, కొందరికి పది. సున్నాతో భాగించానని తనే కనిపెట్టిన పిల్లాడు 270ని కూడా తనే వెతుక్కుంటాడు. మళ్లీ ఏ సమీకరణంలోనైనా భాగించబోయే ముందు ఒకసారి ఆగుతాడు. పక్కన కూర్చుని చూసేవాళ్లకి మాత్రం మొదటి ట్యూటరే చురుగ్గా కనపడతారు.

కాబట్టి డెమో క్లాసుకి కొత్త చాప్టర్ చెప్పమనకండి. మీ పిల్లలు రాసిన పాత జవాబుపత్రాలు రెండు మూడు తీసుకెళ్లండి. మంచి ట్యూటర్ మార్కులు చూసి పక్కన పెట్టరు, తప్పుపోయిన లెక్కలు చదువుతారు. ఎక్కడ తప్పిందో పిల్లాడినే అడుగుతారు. జవాబు సరిగ్గా వచ్చిన లెక్క గురించి కూడా “ఇది ఎందుకు చేశావు?” అంటారు. ఆ గంటలో పెన్ను ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉందో మీరు గమనించండి. దానికి మీకు గణితం రానక్కర్లేదు. నలభై నిమిషాలు పిల్లాడి చేతిలో ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను. ఐదే నిమిషాలుంటే, ఆ ట్యూటర్ ఎంత పేరున్నవారైనా, ఇంకొకరిని చూడమంటాను.

నెల తిరిగాక ఇంకో పని చేయండి. వారం కిందట ట్యూషన్‌లో చేసిన లెక్క ఒకటి తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి, నోటుపుస్తకం మూసేయండి. మార్కుల కోసం కాదని పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే భయపడిపోతారు. మొదలుపెట్టగలిగితే చాలు, మధ్యలో తప్పినా ఫర్వాలేదు. మొదలే పెట్టలేకపోతే తిట్టాల్సిన పని లేదు, ఆ కాగితాన్ని ట్యూటర్ దగ్గరికి పంపండి. ఆ కాగితాన్ని చూసి ట్యూటర్ ఏం చేస్తారన్నది కూడా మీకు చాలా చెబుతుంది.

అపోహ: పిల్లాడికి కాలిక్యులస్ రావట్లేదు, కాలిక్యులస్ ట్యూటర్ కావాలి

చాలాసార్లు కాలిక్యులస్ తప్పేం ఉండదు. లిమిట్ అంటే ఏమిటో పిల్లాడు చక్కగా చెబుతాడు, లెక్కలో మాత్రం ఎక్స్ స్క్వేర్ మైనస్ 4ని ఫ్యాక్టరైజ్ చేయడం తట్టదు. 3/(ఎక్స్ − 1) < 2 ఇస్తే రెండువైపులా ఎక్స్ − 1తో గుణించి, 5/2 కంటే పెద్దవన్నీ జవాబు అంటాడు. ఎక్స్ − 1 రుణసంఖ్య అయితే గుర్తు తిరగబడుతుందన్నది మర్చిపోయి, 1 కంటే చిన్న విలువలన్నీ పోగొట్టుకుంటాడు. ఇవి కాలిక్యులస్ కంటే ముందే పట్టుబడాల్సిన ఆల్జీబ్రా సంగతులు. మొదటి రెండు మూడు వారాలు ఆల్జీబ్రా మీదే కూర్చోబెట్టే ట్యూటర్‌ని చూసి “సిలబస్ కదలట్లేదు” అని టెన్షన్ పడి మార్చేస్తారు కొందరు. ఎందుకు వెనక్కి వెళ్తున్నారో అడగండి. మీ పిల్లల జవాబుపత్రంలోని తప్పు చూపించి కారణం చెప్పగలిగితే ఆయన్ని వదులుకోకండి.

అపోహ: ట్యూషన్ కావాల్సివచ్చిందంటే తెలివి తక్కువ

ఈ మాట ఎవరు మొదలుపెడతారో గాని నాకు భరించలేనంత కోపం వస్తుంది. కాలిక్యులస్‌ని కనిపెట్టినవారిలో ఒకడైన లైబ్నిట్జ్ దాని మీద తన మొదటి వ్యాసాన్ని అచ్చువేసింది 1684లో. కాలిక్యులస్‌లో వాడే అనంత సూక్ష్మ రాశులు అసలు ఏమిటని 1734లో తత్వవేత్త బర్క్‌లీ గట్టిగా నిలదీశాడు. గణితవేత్త కోషీ 1821లో లిమిట్‌ని పునాదిగా పెట్టి పాఠం రాశాడు, లిమిట్‌కి ఈనాడు మనం వాడే ఎప్సిలాన్-డెల్టా అనే కచ్చితమైన నిర్వచనం స్థిరపడడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టి, వయర్‌స్ట్రాస్ అనే ఇంకో గణితవేత్త దాకా రావాల్సివచ్చింది. మహామహులకి నూట యాభై ఏళ్లకు పైగా పట్టిన సంగతి పదహారేళ్ల పిల్లకి రెండు వారాల్లో వంటబట్టలేదని బెంగపడితే ఎలా? మీ పిల్లకి పట్టాల్సినంత సమయమే పడుతోంది. తన ఎదుట “వీక్” అనే మాట వాడకండి. ట్యూటర్ ఆ మాట వాడితే వెంటనే ఆపండి.

అపోహ: ఒకరికి ఒకరు చెబితే ఫలితం ఖాయం

1984లో బెంజమిన్ బ్లూమ్ అనే విద్యా పరిశోధకుడు రాసిన వ్యాసాన్ని దీనికి సాక్ష్యంగా చూపిస్తారు. విడిగా ట్యూటర్ దగ్గర చదివిన సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించాడని అందులో ఉంది. అయితే ఆ పిల్లలకి మధ్యమధ్యలో చిన్న పరీక్షలు పెట్టారు, తప్పినవి దిద్దుకున్నారు, మళ్లీ పరీక్ష రాశారు. ఆ సగం ఎవరూ చెప్పరు. ఎన్నో అధ్యయనాలను కలిపి వాన్‌లెన్ 2011లో చూస్తే ప్రభావం బ్లూమ్ చెప్పిన రెండు ప్రామాణిక విచలనాలు (మార్కులు సగటు నుంచి ఎంత అటూఇటూ ఉంటాయో చెప్పే కొలత) కాదు, సుమారు 0.79 మాత్రమే అని తేలింది. అదీ తక్కువేం కాదు. కాని పక్కన మనిషి కూర్చున్నంత మాత్రాన అది వచ్చేయదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పెద్ద డిగ్రీ ఉంటే మంచిదే. కాని పిల్లలు ఎక్కడ తడబడతారో తెలియడం దానికంటే ముఖ్యం, నిరుడు ఇదే కోర్సు బాగా చదివిన సీనియర్‌కి కూడా అది తెలిసి ఉండొచ్చు. మీ పిల్లల కోర్సు ఏదో, అందులో స్టాటిస్టిక్స్ ఎంత, కాలిక్యులస్ ఎంత, కాలిక్యులేటర్ వాడనిస్తారా అన్నవి ట్యూటర్‌కి తెలుసో లేదో ముందే అడగండి. ఫలానా వాళ్ల దగ్గర చెప్పిన లెక్కలే పరీక్షలో వస్తాయట అన్న పుకారు ప్రతి ఏడాదీ పుడుతుంది, దయచేసి దాన్ని ఇంకొకరికి చేరవేయకండి. మార్కులకు గ్యారంటీ ఇచ్చేవారి దగ్గరికి వెళ్లకండి. చివరి రెండు నెలల్లో రోజుకి మూడు గంటలు పెట్టించడం కంటే ఏడాది పొడుగునా వారానికి రెండు గంటలు మేలు.

ఒకే రకం లెక్కలు ముప్పై వరసగా చేయిస్తే పట్టు వస్తుందన్నది మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ట్యూటర్లమే దాన్ని నమ్ముతాం. రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ఘనాకృతుల ఘనపరిమాణాల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక్కో రకాన్ని విడిగా సాధన చేసినవాళ్లు సాధనలో 89 శాతం సరిగ్గా చేశారు, వారం తర్వాత పరీక్షలో 20 శాతమే చేయగలిగారు. అన్ని రకాలూ కలిపి చేసినవాళ్లు సాధనలో 60 దగ్గరే ఆగారు, పరీక్షలో 63 శాతం చేశారు. హోంవర్క్‌లో మీ పిల్లలకి తప్పులు ఎక్కువ వస్తున్నాయంటే, ట్యూటర్ పాత చాప్టర్లు కలిపి ఇస్తున్నారేమో కనుక్కోండి. అలా అయితే ఓపిక పట్టండి.

ఆన్‌లైన్ ట్యూషన్ పనికిరాదన్న మాటా వింటుంటాను. నా పిల్లల్లో కొందరిని నేను ఇప్పటివరకూ నేరుగా చూడనే లేదు. ఒకటే అడుగుతాను. కెమెరా ముఖానికి ఎదురుగా వద్దు, నోటుపుస్తకం మీదకి వంచి పెట్టండి. పిల్ల రాస్తున్న లైను, రాస్తుండగానే నాకు కనపడాలి.