చందమామ ఎందుకు రావడం లేదు?

పాత పుస్తకాల కొట్లో 1960ల నాటి చందమామ బైండు కనబడితే బేరమాడకుండా కొనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంతమంది ఇంతగా ఇష్టపడ్డ పత్రిక ఎందుకు ఆగిపోయింది? టీవీ వచ్చింది, ఫోన్లొచ్చాయి, పిల్లలు చదవడం మానేశారు అని చెప్పేస్తారు. అందులో కొంత నిజం ఉంది. కానీ చందమామ పాడైన తీరు చూస్తే, చదివేవాళ్ళకంటే ముందు తయారుచేసేవాళ్ళే కరువయ్యారని నాకనిపిస్తుంది.

స్వాతంత్ర్యం ఇంకో నెలకు వస్తుందనగా, 1947 జూలైలో, మద్రాసు నుంచి తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ ఒకేసారి బయటికొచ్చాయి. వెనకున్నది ఇద్దరు. బి. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. అచ్చు పని ఆనుపానులు తెలిసిన మనిషి, సొంత ప్రెస్సు ఉంది. చక్రపాణిది తెనాలి. క్షయ వ్యాధికి మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు అక్కడి ఒక రోగి దగ్గర బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలల్ని తెలుగు చేసినవాడు. వీళ్ళే తర్వాత విజయా సంస్థ పెట్టి 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్ తీశారు. ఆ సినిమాలకూ ఆ పత్రికకూ వంట ఒకే పొయ్యి మీద అయిందని చూసినవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది.

తెలుగులో పిల్లల పత్రిక అప్పటికే లేకపోలేదు. రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి 1945 నుంచే బాల నడుపుతున్నారు. అందులో ఆటలూ పాటలూ ఎక్కువ. చక్రపాణి మాత్రం కథనే నమ్ముకున్నాడు. ఆరు వేల ప్రతులతో మొదలుపెట్టారు.

పత్రికకు అసలు రూపం తెచ్చింది 1952లో వచ్చిన కొడవటిగంటి కుటుంబరావు, అందరూ పిలిచే పేరు కొకు. ఇదొక వింత. కొకు మార్క్సిస్టు, హేతువాది, 1970లో పుట్టిన విరసం (విప్లవ రచయితల సంఘం) నాయకుల్లో ఒకడు. అలాంటాయన దాదాపు మూడు దశాబ్దాల పాటు దయ్యాలు, రాక్షసులు, దేవతల కథలు దిద్దుతూ కూర్చున్నాడు. దిద్దడమంటే అక్షరదోషాలు చూడడం అనుకునేరు. బయటి నుంచి వచ్చిన కథను విప్పి, మళ్ళీ కుట్టేవాడు. ఏ కథ తీసినా వాక్యాలు పొట్టిగా ఉంటాయి, వర్ణన ఉండదు, మూడో వాక్యానికల్లా ఎవరో ఒకరు ఇల్లు వదిలి బయల్దేరతారు. రామాయణ భారతాలు కూడా ఆ భాషలోకే దిగాయి. బడిలో తెలుగు వాచకం చూసి బెదిరిన పిల్లలు చందమామ గడగడా చదివేశారంటే ఆ చేతి చలవే.

బేతాళ కథలు చూడండి. సంస్కృతంలో ఉన్నవి ఇరవై ఐదే. నెలకొకటి చొప్పున వేస్తే రెండేళ్ళకు అయిపోవాలి. కానీ విక్రమార్కుడు దశాబ్దాల తరబడి ఆ శవాన్ని మోస్తూనే ఉన్నాడు. ఉన్న కథలు అయిపోయాక, ఆ చట్రంలో ఇమిడేలా కొత్త కథలు అల్లారు. మొదటి పేరా, చివరి పేరా ఎప్పుడూ ఒకటే. మధ్యలో కథ మారుతుంది, కథ చివర ఒక చిక్కుప్రశ్న. బేతాళుడు తిరిగి చెట్టెక్కగానే, ఆ చివరి వాక్యం పక్కన, బ్రాకెట్లో ఒక చిన్న మాట ఉండేది: కల్పితం. మా అమ్మమ్మ గారింట్లో బైండు తిరగేస్తూ ఆ మాటకు అర్థం అడిగితే, మా మామయ్య "అంటే అది రాసినాయన పేరురా" అన్నాడు. చాలాకాలం నేను కల్పితం గారు ఎంత గొప్ప రచయితో అనుకున్నాను.

తమాషాకే అన్నా మామయ్య మాటలో కొంత నిజముంది. బయటివాళ్ళు పంపిన కథలకు పేర్లు వేసేవారు గానీ, ఆఫీసులో కూర్చుని రాసినవాళ్ళకు పేరు లేదు. దాసరి సుబ్రహ్మణ్యం సంగతే తీసుకోండి. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి 1978లో భల్లూక మాంత్రికుడు దాకా పన్నెండు సీరియళ్ళు రాశాడు. రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం కోసం నెలంతా కాచుకున్న పిల్లలకు ఆయన పేరు తెలియదు. తెలిసేసరికి వాళ్ళ తలలు నెరిశాయి. అర్ధశతాబ్దం పైగా అదే ఆఫీసులో పనిచేసి 2006లో బయటికొచ్చి, 2010 జనవరిలో కన్నుమూశాడు.

బొమ్మలకైతే సంతకం ఉండేది. దాసరి సీరియళ్ళలో గండ్రగొడ్డళ్ళు, మొసలి మొహాలు, కొండచరియలు వేసింది చిత్ర. అసలు పేరు టేకుమళ్ళ వీరరాఘవన్. శవాన్ని భుజాన వేసుకుని, కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుణ్ణి గీసింది శంకర్, తమిళనాడుకు చెందిన కె.సి. శివశంకరన్. ముఖచిత్రాలు వడ్డాది పాపయ్య, అదే వపా. ఈ ముగ్గురూ గీసిన రాజులు, పేదరాసి పెద్దమ్మలు, గుడిసెలు, కోటలు దేశమంతా తిరిగాయి. 1949లో కన్నడం, హిందీ, 1952లో మరాఠీ చాందోబా. ఆ తర్వాత మలయాళం, గుజరాతీ, ఇంగ్లీషు, ఒడియా. 1984లో సంస్కృతం, 2004లో సంతాలీ కూడా. ఏ భాషలోనైనా బొమ్మలవే, అక్షరాలే మారేవి. అందుకే పుణెలో పెరిగినవాడూ పొన్నూరులో పెరిగినవాడూ బేతాళుణ్ణి ఒకే ఆకారంలో తలుచుకుంటారు.

ఇంత పనీ నడిచింది మద్రాసు వడపళనిలో ఒక కప్పు కింద, వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది చేతుల్లో. బలమూ అదే, లోపమూ అదే. 1975లో చక్రపాణి పోయాడు. 1978లో చిత్ర. 1980 ఆగస్టులో కొకు. 1992లో వపా. వాళ్ళ చోటులోకి వచ్చేవాళ్ళను తయారుచేసే ఏర్పాటు ఉన్నట్టు నాకైతే కనబడలేదు. నాగిరెడ్డి కుమారుడు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో పత్రిక నడుస్తూనే ఉంది. 80లలో మేం చదివిన సంచికలు బాగానే ఉండేవి. పక్కనే పాత బైండు పెట్టుకుని చదివితేనే తేడా తెలిసేది: వాక్యాల చివర నీతి కనబడడం మొదలైంది.

1998 అక్టోబరులో కార్మిక వివాదంతో పత్రిక ఆగిపోయింది. ఏడాది పైన గడిచాక, 1999 డిసెంబరులో, పెట్టుబడిదారులు తోడై కంపెనీగా మళ్ళీ మొదలైంది. 2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ ఇందులో 94 శాతం వాటా కొన్నది. రేటు దాదాపు పది కోట్లని అప్పట్లో పత్రికలు రాశాయి. అరవయ్యేళ్ళ పాటు దేశంలో ఇన్ని భాషల పిల్లల్ని పెంచిన పత్రికకు ఆ రేటు! కొన్నవాళ్ళు పాత సంచికల్ని డిజిటల్ చేస్తామన్నారు, కొంత చేశారు కూడా. వర్తమాన విషయాల శీర్షికలు చేర్చారు. నాకు నచ్చలేదు. కానీ ఆగింది అందువల్ల కాదు. కొన్న సంస్థే విదేశీ బాండ్ల బాకీ తీర్చలేక కుప్పకూలింది. 2012 తర్వాత సంచికలు రావడం మానేశాయి. ముందే చందా కట్టినవాళ్ళు పోస్టుమ్యాన్ కోసం ఎదురుచూశారు. 2014లో బొంబాయి హైకోర్టు ఆ సంస్థను మూసివేయమని ఆదేశించింది. పత్రికకు జబ్బు చేసి పోవడం ఒక ఎత్తు, యజమాని అప్పుల్లో తాకట్టు వస్తువులా కొట్టుకుపోవడం ఇంకో ఎత్తు. చందమామకు ముందు మొదటిది పట్టుకుంది, తర్వాత రెండోది ముంచేసింది.

చందమామ అనే పేరు, కథల హక్కులు, బొమ్మలు అన్నీ కంపెనీ ఆస్తిగానే చేతులు మారాయి. రాసినవాళ్ళ పేర్లు ముందునుంచీ లేకపోవడం ఇక్కడే దెబ్బకొట్టింది. దాసరి సీరియళ్ళు దాసరి పుస్తకాలుగా ఎప్పుడో వచ్చి ఉంటే పత్రికతో నిమిత్తం లేకుండా బతికేవి. వాటిని పుస్తకాలుగా చూడడానికి ఆయన పోయేదాకా ఆగాల్సొచ్చింది; అదీ అభిమానుల పట్టుదల వల్ల. పాత సంచికల్ని పేజీ పేజీ స్కాన్ చేసి దాచింది కూడా వాళ్ళే. ఆ ఫైళ్ళలో ఎవరో పిల్లలు పెన్సిల్‌తో రాజుకు దిద్దిన మీసాలు, నూనె చేతి మరకలు అలాగే ఉన్నాయి.

పాతవాళ్ళలో చివరిదాకా మిగిలింది శంకర్ ఒక్కడే. పత్రిక ఆగేనాటికి ఎనభై దాటి కూడా గీస్తూనే ఉన్నాడు. 2020 సెప్టెంబరులో చెన్నైలో పోయాడు. నాలుగు నెలలకు, 2021 జనవరిలో, ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. ఆ వార్తతో పాటు పేపర్లన్నీ వేసిన బొమ్మ ఒకటే: శవాన్ని మోస్తూ నడుస్తున్న విక్రమార్కుడు.